సీపీఆర్‌కి చేతులా, మిషనా: ఏది మేలు?

కొత్తగా ఐసీయూ పెట్టుకునే ఆస్పత్రుల్లో, సొంత అంబులెన్సులు నడిపేవాళ్ల దగ్గర ఒక ప్రశ్న తరచూ వస్తుంటుంది. గుండె ఆగిన మనిషి ఛాతీని పదేపదే నొక్కి రక్తం ఆడించే సీపీఆర్‌కి మిషన్ కొనాలా, ఉన్న స్టాఫ్‌కే బాగా ట్రైనింగ్ ఇప్పిస్తే సరిపోతుందా? డెమో చూస్తే మాత్రం మిషన్ వైపే మనసు లాగుతుంది. దానికి అలుపు లేదు, టెన్షన్ లేదు, లెక్క తప్పదు.

ముందు దేన్ని కొలుస్తున్నామో చూద్దాం. పెద్దవాళ్లకు నిమిషానికి 100 నుంచి 120 కంప్రెషన్లు (ఛాతీ నొక్కులు), లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవాలి. మధ్యలో ఆపాల్సి వస్తే 10 సెకన్లు మించకూడదు. వేగం, లోతు అందరికీ గుర్తుంటాయి. ఛాతీని లేవనివ్వడం దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. అలిసిపోయినవాళ్లు తెలియకుండానే బరువంతా రోగి మీద ఆనించేస్తారు. అప్పుడు గుండె మళ్లీ సరిగా నిండదు, తర్వాత ఎంత గట్టిగా నొక్కినా బయటికి వెళ్లే రక్తం తక్కువే.

1960లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు, ఇంజినీర్లు ఛాతీ నొక్కే పద్ధతిని లోకానికి చెప్పినప్పుడు దాని గొప్పతనమంతా ఒకటే: రెండు చేతులుంటే చాలు, ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు. ఆ విషయంలో చేతులను ఏ మిషనూ ఇప్పటికీ దాటలేదు. చేతులతో వచ్చే చిక్కు అలసట. స్క్రీన్ ఉన్న ట్రైనింగ్ బొమ్మ మీద ఎవరినైనా నొక్కమనండి. మొదటి నిమిషం లోతు చూపించే గీతలు బాగానే ఉంటాయి. తర్వాత ఒక్కొక్కటే పొట్టివవుతాయి. ‘అలిసిపోయారా’ అని అడిగితే ‘లేదండీ, బాగానే ఉన్నా’ అంటారు. అలుపు చేతికి ముందు వస్తుంది, మనిషికి తర్వాత తెలుస్తుంది. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలన్న రూల్ అందుకే.

ఇక మిషన్లు. స్వీడన్‌లోని లుండ్‌లో పుట్టిన లూకాస్‌లో ఒక పిస్టన్, దాని చివర రబ్బరు కప్పు ఉంటాయి. మామూలుగా నిమిషానికి 102 చొప్పున, 5.3 సెంటీమీటర్ల వరకు నొక్కుతుంది. ఆటోపల్స్ రకమైతే ఛాతీ చుట్టూ బెల్టు బిగించి నొక్కుతుంది. కదలకుండా సరిగ్గా కూర్చున్న మిషన్ పనిని చేతులు అరగంట పాటు చేయలేవు.

కానీ అది కూర్చునేదాకా ఏం జరుగుతోంది? భుజం ఎత్తి వీపు కింద పలక దూర్చాలి, పైనుంచి మిషన్ రెండు కాళ్లు తెచ్చి పలకకు తగిలించాలి, కప్పు ఛాతీ మధ్య ఎముక మీద సరైన చోటికి దించాలి. అలవాటున్న టీమ్ పలకను ఒక విరామంలో, పై భాగాన్ని ఇంకో విరామంలో పెడుతుంది, మధ్యలో చేతులతో నొక్కుతూనే ఉంటుంది. అలవాటు లేనిచోట చొక్కా అడ్డం పడుతుంది, పలక వంకరగా పోతుంది, అందరూ మిషన్ వైపే చూస్తుంటారు, ఛాతీ మీద ఎవరి చేతులూ ఉండవు. గుండె రక్తనాళాల్లో ఒత్తిడి పెరగడానికి వరసగా చాలా కంప్రెషన్లు కావాలి, పడిపోవడానికి కొన్ని సెకన్లు చాలు. పెట్టాక కూడా కప్పు పొట్ట వైపు జారొచ్చు. అందుకే దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, మెడ వెనక పట్టీ కట్టాలి. చిన్నపిల్లలకు ఈ మిషన్ పనికిరాదు, ఛాతీ మరీ పెద్దగా ఉన్నవాళ్లకూ పట్టదు.

మిషన్‌నీ చేతులనూ రోగుల మీద పోల్చి చూసిన పెద్ద ట్రయల్స్ ఏమన్నాయి? స్వీడన్, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో 2,589 మంది మీద జరిగిన లింక్ ట్రయల్ (2014)లో నాలుగు గంటల తర్వాత బతికున్నవాళ్లు రెండు వైపులా దాదాపు 24 శాతం. బ్రిటన్‌లో 4,471 మందితో జరిగిన పారామెడిక్ ట్రయల్ (2015)లో 30 రోజులకు బతికున్నవాళ్లు మిషన్ వైపు 6 శాతం, చేతుల వైపు 7 శాతం. మిషన్ చెడ్డదని దీనర్థం కాదు గానీ, అది పెడితే ఎక్కువమంది బతుకుతారన్న మాట నిలబడలేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా అందరికీ మామూలుగా వాడమని చెప్పదు.

చేతులు ఓడిపోయే చోట్లు మాత్రం ఖాయంగా ఉన్నాయి. స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరే అంబులెన్సులో బెల్టు లేకుండా నిలబడి నొక్కేవాళ్ల ప్రాణం కూడా లెక్కలోకి రావాలి. క్యాథ్ ల్యాబ్‌లో (గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి చికిత్స చేసే గది) ఎక్స్‌రే కింద చేతులు పెట్టలేం. ఊపిరితిత్తుల్లో అడ్డుపడ్డ రక్తపు గడ్డ కరిగే మందు ఇచ్చాక గంటకు పైగా కొనసాగించాల్సి రావచ్చు. అక్కడ మిషనే మేలు, నాకు అనుమానం లేదు.

మధ్యేమార్గం ఒకటుంది: చేతుల కింద పెట్టుకుంటే లోతు, వేగం చెప్పే చిన్న ఫీడ్‌బ్యాక్ పరికరం. నొక్కడం మెరుగవుతుంది, కానీ 2011లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో బతికినవాళ్ల సంఖ్య పెరగలేదు. పైగా మెత్తటి పరుపు మీద చాలా పరికరాలు మోసపోతాయి. పరుపు దిగినదాన్ని కూడా ఛాతీ దిగినట్టే లెక్కేసి ‘బాగుంది’ అంటాయి. ట్రైనింగ్‌లో మాత్రం దీనికి సాటి లేదు.

ఇంట్లోనో రోడ్డు మీదో అయితే ఈ పోలికే అక్కర్లేదు: 108కి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి, నేల మీద పడుకోబెట్టి నొక్కడమే. నీళ్లలో మునిగినవాళ్లకు, పిల్లలకు నోటితో ఊపిరి కూడా కావాలి.

20 పడకల ఆస్పత్రి నన్నడిగితే, మొదట వీపు కింద పెట్టే గట్టి పలక, మంచం పక్కన నర్సు ఎక్కి నిలబడే పీట కొనమంటాను. పీట లేకపోతే పొట్టిగా ఉన్నవాళ్ల మోచేతులు వంగుతాయి, నొక్కు లోతుకు పోదు. తర్వాత ఫీడ్‌బ్యాక్ ఉన్న బొమ్మ. క్యాథ్ ల్యాబో, దూరాలు తిరిగే సొంత అంబులెన్సో ఉంటే అప్పుడు మిషన్. కొన్నాక దాన్ని నైట్ డ్యూటీవాళ్లతో కూడా టైమ్ చూస్తూ ప్రాక్టీస్ చేయించాలి. ఒక్కో విరామం 10 సెకన్ల లోపు రానంతవరకు దాన్ని రోగి దగ్గరికి తీసుకెళ్లొద్దు.