రాత్రి రోటీలు లెక్కపెట్టే ఇల్లు: బెంగళూరు నుంచి మూడు మంచు ట్రెక్కులు

ఉత్తరాఖండ్‌లో కేదార్‌కాంఠా, బ్రహ్మతాల్, హిమాచల్‌లో ఖీర్‌గంగా. డిసెంబరు సెలవులు దగ్గరపడితే మారతహళ్లి పీజీల్లో, ఆఫీసు గ్రూపుల్లో వినిపించే పేర్లివి. ఖర్చునీ వ్యూనీ పోల్చే రాతలు బోలెడున్నాయి. ఇక్కడ చూసేది ఒక్కటే: దారిలో ఒక మనిషి తగ్గితే ఆ సంగతి ఎవరికి, ఎన్ని గంటల్లో తెలుస్తుంది?

కేదార్‌కాంఠాకి డెహ్రాడూన్ నుంచి ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీ చేరాలి. సుమారు 200 కి.మీ., కొండదారిలో 8 నుంచి 10 గంటలు. బస్సులు పొద్దున్నే వెళ్లిపోతాయి, కాబట్టి మధ్యాహ్నం ఫ్లైట్ దిగితే ఆ రాత్రి డెహ్రాడూన్‌లోనే. శిఖరం ఎత్తు 3,800 మీటర్ల పైచిలుకు. క్రిస్మస్ వారంలో జనం తిరునాళ్లలా ఉంటారు. అంత జనంలో తప్పిపోవడమేమిటి అనిపిస్తుంది కానీ, తప్పిపోయేది అక్కడే. తెల్లవారుజామున 3, 4 గంటలకి చీకట్లో ఎక్కడం మొదలవుతుంది. సగం దూరంలో ఒకరికి ఆయాసం వస్తుంది. ‘నేను టెంటుకి పోతా, మీరెళ్లండి’ అని వెనక్కి తిరుగుతారు. పైకి వెళ్లినవాళ్లు అతను కింద ఉన్నాడనుకుంటారు, కింద ఉన్నవాళ్లు పైన ఉన్నాడనుకుంటారు. పైగా చాలా బృందాలు ఎక్కేది జూడా కా తాలాబ్ వైపు నుంచి, దిగేది హర్‌గావ్ వైపు. రెండు క్యాంపుల మధ్య ఒక పేరు జారిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అందుకే డబ్బు కట్టేముందు ట్రెక్ కంపెనీని మూడు సంగతులు అడగండి. అందరికన్నా వెనక నడిచే గైడ్ ఉన్నాడా? వెనక్కి తిరిగినవాళ్లతో ఎవరిని పంపుతారు? క్యాంపుల మధ్య వాకీటాకీ ఉందా? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే, ధర ఎంత తక్కువైనా ఆ కంపెనీ వద్దు.

బస విషయంలో సాంక్రీ, బ్రహ్మతాల్ ట్రెక్ మొదలయ్యే లోహాజంగ్ రెండూ మంచివే. రెండుచోట్లా జీఎంవీఎన్ (ప్రభుత్వ పర్యాటక సంస్థ) విశ్రాంతి గృహాలున్నాయి, హోమ్‌స్టేలూ ఉన్నాయి. హోమ్‌స్టేకే నా ఓటు. రాత్రి ఎన్ని రోటీలు కాల్చాలో లెక్క చూసుకునే ఇంట్లో, చీకటిపడ్డా రానివాళ్లని వెంటనే పట్టేస్తారు. బయల్దేరేముందు ‘ఈ దారిన వెళ్తున్నాం, ఫలానా రోజు సాయంత్రానికి వస్తాం’ అని వాళ్లకి కాగితం మీద రాసివ్వండి.

బ్రహ్మతాల్‌లో జనం తక్కువ. లోహాజంగ్‌కి కాఠ్‌గోదాం నుంచి రోజంతా ప్రయాణం. అక్కడ భయం శిఖరం కాదు, చెట్టూచేమా లేని బోడి గట్టు. మబ్బు దిగి మంచు కురిస్తే నేలా ఆకాశం ఒకే తెలుపు, పది నిమిషాల్లో అడుగుజాడలు పూడిపోతాయి. ఇది చలికాలానికే పరిమితం కాదు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోనే సహస్రతాల్ దారిలో మంచుతుఫానుకి చిక్కిన కర్ణాటక బృందం 22 మందిలో 9 మంది చనిపోయారు, ఎక్కువమంది బెంగళూరువాళ్లే.

ఖీర్‌గంగాకి చలికాలంలో ఒంటరిగా వద్దే వద్దు. రోడ్డు ఆగిపోయే ఊరు బర్షైణీ దగ్గర్నుంచి నక్తాన్, కల్గా, తోష్ మీదుగా వేర్వేరు దారులున్నాయి. కల్గా దారి దట్టమైన అడవి. చలికాలంలో పైన కేఫ్‌లు చాలావరకు మూసేస్తారు, కాబట్టి మీరు చేరలేదని గమనించే మనిషే ఉండడు. ఖీర్‌గంగా ఉన్న పార్వతీ లోయలో 1990ల నుంచి ఎందరో ప్రయాణికులు జాడ లేకుండా పోయారు.

విదేశీ వీడియోలు చూసి సిగ్నల్ లేని చోట మెసేజ్ పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం కొనుక్కెళ్లకండి. అనుమతి లేకుండా అవి మన దేశంలో నిషిద్ధం, ఎయిర్‌పోర్టులో పట్టుబడి కేసులైనవాళ్లున్నారు. ఫోన్లో ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఓఎస్ఎమ్‌ఆండ్ యాప్ వేసుకుని ఆ ప్రాంతం మ్యాపు బెంగళూరులోనే దింపుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. చలికి బ్యాటరీ హఠాత్తుగా పడిపోతుంది కాబట్టి ఫోనూ పవర్‌బ్యాంకూ లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచాలి, బ్యాగు పైజేబులో కాదు.

దారి తప్పామని తెలిసిన క్షణం ఆగిపోవాలి. వాగు వెంబడి దిగితే ఊరొస్తుందన్నది మన మైదానాల లెక్క. ఇక్కడ వాగు కొండచరియల్లోకి, జలపాతాల మీదికి తీసుకెళ్తుంది. డిసెంబరులో సాయంత్రం 5.20 ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది, లోయల్లో ఇంకా ముందే. 3 దాటాక కొత్త దారి ప్రయత్నించొద్దు. గాలి తగలని చోట బ్యాగు మీద కూర్చోండి, నేల మీద కాదు. తడిసిన కాటన్ బనియన్ తీసేసి పొడి ఉన్ని వేసుకోండి. నిమిషంలో ఆరుసార్లు విజిల్, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. వణుకు ఆగిపోతే ఒళ్లు వెచ్చబడిందని కాదు, ప్రాణం మీదికొచ్చిందని. ఆ దశలో కొందరు బట్టలు విప్పేసుకుంటారు కూడా.

ఇంట్లోవాళ్లకి ట్రెక్ కంపెనీ నంబరు, హోమ్‌స్టే నంబరు, వేసుకున్న జాకెట్ రంగు, బూట్ల ఫోటో, తిరిగొచ్చే తేదీ ఇచ్చి వెళ్లండి. చెప్పిన గడువు దాటితే 112కి ఫోన్ చెయ్యాలి, బెంగళూరులోనే దగ్గరి స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలి. 24 గంటలు ఆగాలన్న నిబంధన ఏదీ లేదు. ఆగమని ఎవరన్నా అక్కడినుంచి కదలొద్దు.