కోరాపుట్ ఘాట్ నుంచి ట్రాక్ స్కూల్‌కి

జయపురం, సునాబెడ వైపు బండ్లు తోలే మన కుర్రాళ్లలో చాలామంది ట్రాక్ స్కూల్ (రేసు ట్రాక్ మీద బైకు తోలడం నేర్పే శిక్షణ) అనగానే రేసర్ల వ్యవహారం అనుకుంటారు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద మాతో పాటు నేర్చుకున్నవాళ్లలో రోజూ బండి మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లే ఎక్కువ. బండి సీసీని కాదు, మనిషి లెవెల్‌ని చూసి గ్రూపులు వేశారు. అందుకే కొత్తవాళ్లకి టెన్షన్ తక్కువ.

ముందు చెకింగ్. అద్దాలు విప్పించి, లైట్లకి టేపు వేయించి, టైర్లు, చైన్, బ్రేకులు చూస్తారు. ఆ తర్వాత కాసేపు పాఠం, వెంటనే ట్రాక్.

మొదటి పాఠం థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్. ఒకే గేర్, బ్రేకు ముట్టుకోకూడదు. మలుపులో థ్రాటిల్ తెరిచాక కొద్దికొద్దిగా పెంచుతూనే పోవాలి. హఠాత్తుగా మూసేస్తే బరువంతా ముందు చక్రం మీద పడి బండి బెదురుతుంది. కాబట్టి వేగం తగ్గించుకోవడం మలుపుకి ముందే అయిపోవాలి. జయపురం ఘాట్ దిగేవాళ్లకి ఈ ఒక్క పాఠం చాలు, పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. ఆ తర్వాతది చూపు. తారు మీద వేసిన గుర్తు దగ్గరే బండి తిప్పాలి, కళ్లు మాత్రం అంతకుముందే మలుపు లోపలికి వెళ్లిపోవాలి. అయితే ట్రాక్‌లో రోడ్డంతా మనదే. ఘాట్‌లో సగమే మనది, అవతలి సగంలో లారీ వస్తుంటుంది.

బస శ్రీపెరుంబుదూరులోనే మేలు, నగరంలో దిగితే పొద్దున్నే ట్రాఫిక్‌తో అవస్థ. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ, తెల్లవారుజామున టిఫిన్ పెడతామని చెప్పి, మేం బయల్దేరే వేళకి వంటగది తాళమే తీయలేదు. రాత్రే అరటిపళ్లు కొని పెట్టుకోండి. కొండల మీద చల్లటి గాలికి అలవాటుపడ్డ మనకి ఆ ఎండలో లెదర్ సూట్ నరకమే. చలికాలం బ్యాచ్ చూసుకోండి, నీళ్లు తాగుతూనే ఉండండి.

బండిని విశాఖ నుంచి రైలు పార్శిల్లో పంపొచ్చు. ట్యాంకులో పెట్రోలు తీసేసి, ఆర్‌సీ జిరాక్స్ ఇచ్చి, బాగా ప్యాక్ చేయించాలి. అద్దె బండి సుఖమే, కానీ రోజూ తోలే బండి మీద నేర్చుకున్నదే చేతికి అంటుకుంటుంది.

150, 200 సీసీ బండ్లకైతే నా ఓటు కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే ట్రాక్‌కే. చెన్నై ట్రాక్ 3.7 కిలోమీటర్లు, ఇది 2.1. ఇక్కడ వేగం పెద్దగా అందుకోకముందే మలుపు వచ్చేస్తుంది. మనం నేర్చుకోవాల్సింది ఆ మలుపులే కదా. 5.125 కిలోమీటర్ల గ్రేటర్ నోయిడా బుద్ధ్ ట్రాక్‌లోని పొడవాటి దారి పెద్ద బండ్లకి.