మీటలు మాయమైన కొత్త సిమ్యులేటర్: పాతదాంట్లోనే ఉండాలా, వేరేదానికి మారాలా?

నేను రోజూ వాడే ఫ్లైట్ సిమ్యులేటర్‌కి, అంటే ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే ఆటకి, కొత్త వెర్షన్ వచ్చింది. మేఘాలు అద్భుతంగా ఉన్నాయి. హుస్సేన్ సాగర్ మీద సాయంత్రం వెలుగు చూస్తే నిజంగానే బేగంపేట మీదుగా వెళ్తున్నట్టుంది. కానీ రేడియో ఫ్రీక్వెన్సీలన్నీ ఒకేచోట కనబడే చిన్న విండో తీసేశారు. కాక్‌పిట్‌లోని ఒక్కో మీటర్‌ని విడదీసి పక్క మానిటర్ మీద పెట్టుకునే సౌకర్యమూ పోయింది. ఎగురుతూనే టైమూ గాలీ మార్చుకునే పట్టీ స్క్రీన్ పైన ఉండేది. ఇప్పుడు గాలి దిశ మార్చాలంటే ఫ్లైట్ ముగించి, మెనూలోకి వెళ్లి, మొదటినుంచి లోడ్ చేసుకోవాలి.

ఆటే కదా, ఇంత బాధ దేనికని ఇంట్లోవాళ్లు అంటారు. అసలు విమానంలో పైలట్ చేయి చాపితే నాబ్ అందుతుంది. ఇంట్లో మన దగ్గరుండేది ఒక మౌసు, ఒక జాయ్‌స్టిక్, ఒక స్క్రీన్. ఆ చిన్న విండోలే మనకు చేతులు.

శంషాబాద్‌లో దిగడమే తీసుకోండి. వానాకాలంలో పడమటి గాలి కాబట్టి తూర్పున ఆదిభట్ల వైపు నుంచి వచ్చి 27ఎల్ (పడమర ముఖంగా దిగే ఎడమ) రన్‌వే మీద దిగుతాం. ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి సుమారు 2000 అడుగుల ఎత్తులో ఉంది. రన్‌వేకి 10 నాటికల్ మైళ్ల దూరంలో 3 డిగ్రీల వాలు మీద ఉండాలంటే ఎత్తు చూపే ఆల్టిమీటర్ 5200 అడుగుల దగ్గర చూపించాలి. చిన్న విమానంలో 90 నాట్ల వేగంతో వస్తుంటే నిమిషానికి సుమారు 480 అడుగుల చొప్పున దిగాలి. సరిగ్గా అప్పుడే ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో సంకేతం) ఫ్రీక్వెన్సీ పెట్టాల్సి వచ్చిందనుకోండి. పాత వెర్షన్‌లో ఒక కీ నొక్కి, అంకెలు టైప్ చేసి, ఎంటర్ కొడితే అయిపోయేది. ఇప్పుడు చూపు కిందికి దించి, రేడియో ప్యానెల్‌ని జూమ్ చేసి, చిటికెనవేలి గోరంత నాబ్ మీద మౌసు నిలబెట్టి చక్రం తిప్పాలి. కాస్త ఎక్కువ తిప్పితే వెనక్కి రావాలి. తల ఎత్తి చూసేసరికి స్పీడు పడిపోయి ఉంటుంది, రన్‌వేకి సూటిగా ఉన్నామో లేదో చూపే లోకలైజర్ సూది ఓ పక్కకి జరిగిపోయి ఉంటుంది. కంట్రోల్ తప్పింది నైపుణ్యం లేక కాదు, చేతులు రెండూ ఇంకోచోట ఇరుక్కుపోయి.

ఎందుకు తీసేస్తారో ఊహించగలను. ఒకే మెనూ గేమ్‌ప్యాడ్‌తో ఆడేవాళ్లకీ మౌసు వాడేవాళ్లకీ పనికిరావాలి. పాత కోడ్ పక్కనపెట్టి కొత్తగా రాసేటప్పుడు తక్కువమంది వాడేవి వెనకబడతాయి. కానీ ఆ తక్కువమందే రోజూ కూర్చుని ఎగిరేవాళ్లు. సెట్టింగ్స్‌లో ఏదో ఒక మూల ఉంచినా వెతుక్కుని తెచ్చుకునేవాళ్లం.

సరే, ఇప్పుడు మన ముందున్న దారులేంటి?

మొదటిది, పాత వెర్షన్‌లోనే ఉండిపోవడం. అలవాటైన చేతికి ఇంతకంటే హాయి లేదు. ఇక్కడ మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత సిమ్యులేటర్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌ని తలుచుకోకుండా ఉండలేను. 2006 అక్టోబర్‌లో డీవీడీల మీద వచ్చింది. షిఫ్ట్ పట్టుకుని అంకె నొక్కితే రేడియోలు ఒకసారి, జీపీఎస్ ఒకసారి విడివిడి విండోలుగా తెరుచుకునేవి. షిఫ్ట్, జెడ్ కలిపి నొక్కితే మనమెక్కడున్నామో అంకెల్లో స్క్రీన్ మీదికొచ్చేది. దాన్ని తయారుచేసిన స్టూడియోని మైక్రోసాఫ్ట్ 2009 జనవరిలో మూసేసింది. అయినా ఆ తర్వాత పదేళ్లకు పైగా జనం దాంట్లో ఎగురుతూనే ఉన్నారు. సరుకంతా మన డిస్క్‌లోనే ఉంది కాబట్టి. దాని ఇబ్బందులు దానికున్నాయి. 32 బిట్ ప్రోగ్రాం కావడంతో 4 జీబీకి మించి మెమరీ వాడుకోలేదు. పెద్ద నగరం, భారీ విమానం రెండూ కలిస్తే దిగబోయే ముందు మూసుకుపోయేది.

ఈ కాలపు సిమ్యులేటర్ల పాత వెర్షన్లకి ఆ ధీమా లేదు. నేల బొమ్మలూ, వాతావరణమూ కంపెనీ సర్వర్ల నుంచి వచ్చేటప్పుడు, ఆ సర్వర్ ఎంతకాలం నడిస్తే మన విమానం అంతకాలమే ఎగురుతుంది. కాబట్టి పాతదాంట్లో ఉండటం ఇప్పటికి మంచిదే కానీ, దాన్నే నమ్ముకోమని చెప్పలేను.

రెండోది, కొత్త వెర్షన్‌లోనే ఉంటూ పోయినవాటిని యాడ్-ఆన్లతోనో (విడిగా జోడించుకునే చిన్న ప్రోగ్రాములు), నాబ్‌లున్న చిన్న ప్యానెల్ కొనుక్కునో పూడ్చుకోవడం. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక పూట తిరిగితే జాయ్‌స్టిక్‌లూ, రెండో మానిటరూ బేరమాడి తెచ్చుకోవచ్చు. డబ్బుంటే నాబ్ ప్యానెల్ కూడా మంచి వస్తువే. కానీ నిన్నటిదాకా సిమ్యులేటర్‌లోనే ఉన్న సౌకర్యానికి ఇవాళ మళ్లీ డబ్బు పెట్టడం నాకు మింగుడుపడదు. పైగా ప్రతి అప్‌డేట్‌కీ ఏ యాడ్-ఆన్ పనిచేస్తుందో, ఏది చెడుతుందో అని టెన్షన్.

మూడోది ఎక్స్-ప్లేన్ 12 అనే వేరే సిమ్యులేటర్‌కి మారడం. నా మొగ్గు ఇటే.

దీని మెనూలు చూడ్డానికి సాదాసీదాగా ఉంటాయి. కానీ సెట్టింగ్స్‌లో డేటా అవుట్‌పుట్ అని ఒక పేజీ ఉంది. వేగం, ఎత్తు, దిగే రేటు, గాలి, ఇలా ఏది కావాలంటే దానికి టిక్ పెడితే అంకెలు నేరుగా కాక్‌పిట్ స్క్రీన్ మీద కనబడతాయి. జీ1000 లాంటి గ్లాస్ స్క్రీన్ (మీటర్లన్నీ ఒకేచోట చూపే డిజిటల్ తెర) మీద క్లిక్ చేస్తే అది విడి విండోగా వస్తుంది, దాన్ని వేరే మానిటర్‌కి జరుపుకోవచ్చు. టైమూ వాతావరణమూ మధ్యలో మార్చి, ఎక్కడ ఆపామో అక్కడినుంచే కొనసాగించవచ్చు. ఫ్లైట్‌ని సగంలో సేవ్ చేసుకోవచ్చు. నేరుగా 10 మైళ్ల అప్రోచ్ (రన్‌వే వైపు దిగివచ్చే దారి) నుంచే మొదలుపెట్టొచ్చు. అంటే 27ఎల్ మీద ల్యాండింగ్ సాధన చేయాలంటే ప్రతిసారీ టేకాఫ్ నుంచి తిరిగి రానక్కర్లేదు. ఏదైనా విండో లేకపోతే ఫ్లైవిత్‌లువా అనే యాడ్-ఆన్‌తో చిన్న స్క్రిప్ట్ రాసుకుని మనమే తెచ్చుకోవచ్చు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకోటి. ఎక్స్-ప్లేన్ మొత్తం ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది. అప్‌డేట్‌కి ముందు ఆ ఫోల్డర్‌ని కాపీ చేసి పక్కన పెట్టుకుంటే, కొత్తది నచ్చకపోయినా పాతది చెక్కుచెదరదు. ఎవరో ఆఫీసులో కూర్చుని మన మీటలు తీసేసే వీలు అంతగా తగ్గుతుంది.

లోటేమిటంటే, మన ఊరు మన ఊరిలా కనబడదు. శాటిలైట్ ఫోటోలు కాకుండా కంప్యూటర్ పేర్చిన ఇళ్లూ చెట్లూ ఉంటాయి. పాతబస్తీ సందులు పైనుంచి చూద్దామంటే నిరాశే. ఓర్థో4ఎక్స్‌పీ అనే ఉచిత ప్రోగ్రాంతో శాటిలైట్ ఫోటోల నేల మనమే తయారుచేసుకోవచ్చు. అది భూమిని ఒక డిగ్రీ చతురస్రాలుగా కోస్తుంది. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అన్నీ 17 ఉత్తరం, 78 తూర్పు అనే ఒక్క ముక్కలోనే పడతాయి. హైదరాబాద్ వాళ్లకి అదొక అదృష్టం.

ఫ్లైట్‌గేర్ అనే ఇంకో సిమ్యులేటర్ గురించి కూడా చెప్పాలి, ముఖ్యంగా విద్యార్థుల కోసం. పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ బహిరంగం. ఎఫ్12 నొక్కితే రేడియోల విండో, ఎఫ్11 నొక్కితే ఆటోపైలట్ విండో వస్తాయి. నేను పోగొట్టుకున్నది అక్కడ ఒక్క కీ దూరంలో ఉంది. మెనూలు కూడా మామూలు ఎక్స్ఎంఎల్ ఫైళ్లే, నోట్‌ప్యాడ్‌లో మార్చుకోవచ్చు. బొమ్మలు అంత గొప్పగా ఉండవు, విమానాల నాణ్యత ఒక్కోదానిది ఒక్కో రకం. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందు దీన్నే ప్రయత్నించాలి.

మా అన్నయ్య కొడుకు పైలట్ ట్రైనింగ్‌కి సిద్ధమవుతున్నాడు. కొత్త వెర్షన్‌లో కాసేపు కూర్చుని, "బాబాయ్, నేను ఎగరడం నేర్చుకుంటున్నానా, మెనూలు వెతకడం నేర్చుకుంటున్నానా?" అన్నాడు. ఇంట్లో ఎగిరిన గంటలు పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ లెక్కలోకి రావు. అయినా అంకెల క్రమం, చూపు తిరిగే క్రమం అలవాటు కావడానికి ఈ సాధన పనికొస్తుంది. వాడికి ఎక్స్-ప్లేన్ పెట్టిచ్చాను.

ఊళ్లు చూస్తూ, మేఘాల మధ్య తిరగడమే మీ సరదా అయితే కొత్త వెర్షన్‌ని ఏదీ మించదు, హాయిగా కొనండి. ఇన్‌స్ట్రుమెంట్లు చూసుకుంటూ దిగడం నేర్చుకోవాలంటే మాత్రం ఎక్స్-ప్లేన్ డెమో ఉచితంగా దొరుకుతుంది, ఫ్లైట్‌గేర్ ఎలాగూ ఉచితమే. రెండిట్లోనూ రేడియో మార్చుతూ ఒక అప్రోచ్ చేసి చూసి, ఆ తర్వాతే డబ్బు తీయండి. ఆ డబ్బు కూడా గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు మంచి జాయ్‌స్టిక్ మీద పెట్టండి.