ఆరేళ్లుగా బగ్‌జిల్లాతో: రిపోర్టులు ఏరే పనిలో నా అనుభవం

హన్మకొండలో డీటీపీ పని చేసుకుంటూనే, ఒక ఓపెన్ సోర్స్ ఆఫీసు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఆరేళ్లుగా బగ్ (సాఫ్ట్‌వేర్ లోపం) రిపోర్టులు చూస్తున్నాను. నేను కోడ్ రాయను. వచ్చిన రిపోర్టు నిజమేనా, ముందే ఎవరైనా చెప్పారా, ఎంత తీవ్రమైనది అని తేల్చి డెవలపర్ల ముందు పెడతాను. దీన్నే ట్రయాజ్ అంటారు. ఈ రిపోర్టులన్నీ నమోదు చేసి ఏది ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి మేం వాడేది బగ్‌జిల్లా. 1998లో మొజిల్లా బ్రౌజర్ ప్రాజెక్టు కోసం పుట్టింది, చూడ్డానికీ పాతగానే ఉంటుంది. అయినా ఈ పనికి నాకు ఇదే నచ్చింది.

అందుకు మొదటి కారణం, సివియారిటీకి, ప్రయారిటీకి వేర్వేరు గడులు ఉండటం. కొత్తలో రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. దెబ్బ ఎంత పెద్దదో చెప్పేది సివియారిటీ. దాన్ని ఎప్పుడు చేపట్టాలో చెప్పేది ప్రయారిటీ. ఎవరూ పెద్దగా వాడని పాత ఫార్మాట్ ఫైలు తెరిస్తే ప్రోగ్రామ్ మూతపడిందనుకోండి, అది క్రిటికల్. అయినా వరసలో వెనక ఉండొచ్చు. మెయిన్ మెనూలో అక్షర దోషం ట్రివియల్. కానీ ఎల్లుండి రిలీజ్ ఉంటే ఇవాళే దిద్దాలి. గడి ఒక్కటే ఉన్నచోట ఈ రెండూ కలిసిపోయి, గట్టిగా అడిగినవాళ్ల రిపోర్టు పైకొస్తుంది.

రెండోది నీడ్‌ఇన్ఫో అనే స్థితి. వివరాలు చాలని రిపోర్టును కొట్టేయకుండా, రాసినవాళ్ల జవాబు కోసం ఆపి ఉంచుతుంది. ఒకసారి "తెలుగు సరిగ్గా రావట్లేదు" అని ఒక్క ముక్క వచ్చింది. ఇన్‌వాలిడ్ అని మూసేద్దామన్నాడు తోటి వాలంటీర్. నేను ఆపి, ఏ పదం, ఏ ఫాంట్, ఏ వెర్షన్, తెర మీదా పీడీఎఫ్‌లోనా అని అడిగాను. రెండు వారాలకు జవాబు వచ్చింది. తెర మీద "హన్మకొండ" బాగానే ఉంది, పీడీఎఫ్ చేస్తే "హన్‌మకొండ" అవుతోంది. ఆ ఒక్క పదమున్న ఫైలు కూడా పంపారు. నా దగ్గరా అలాగే వచ్చింది, పాత వెర్షన్‌లో మాత్రం రాలేదు. అంటే మధ్యలో ఏదో మార్పు చెడగొట్టిందన్నమాట, రిగ్రెషన్. వెయ్యి మార్పులున్నా, మధ్యలోని వెర్షన్‌ను పరీక్షించి వెతకాల్సినవాటిని సగానికి సగం తగ్గిస్తూ పోతే పది పరీక్షల్లో తేలిపోతుంది. ఆ రాత్రి కూర్చుంటే తొమ్మిదో బిల్డ్‌కే (అంటే పరీక్షించిన తొమ్మిదో వెర్షన్‌కే) దొరికింది. సరైన మార్పు చేతికిచ్చాక డెవలపర్ వారంలో సరిచేశాడు. మూసేసి ఉంటే మన ఊరి పేరు పీడీఎఫ్‌లో అలాగే విరిగి ఉండేది.

దీనికి తిరగేసిన రిపోర్టులూ వస్తాయి. "సాఫ్ట్‌వేర్" అని రాస్తే ట కింద వ ఒత్తు చేరుతోందంటారు. మధ్యలో ఉండాల్సిన, పక్కపక్క అక్షరాలను ఒత్తుగా కలవనివ్వని, కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరం వేరేచోటి నుంచి కాపీ చేసేటప్పుడు పోతుంది. అది బగ్ కాదు. కానీ కారణం రాయకుండా మూసేయడం తప్పు.

మా నాన్న ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే ముందు కల్లంలో కూర్చుని తాలు ఏరేవాడు. తాలు కలిసిందంటే మంచికాయకూ ధర పడదు. డూప్లికేట్లు, సరిచూడనివి కలిసిన జాబితా చూసి డెవలపర్‌కు అలాగే మనసు విరుగుతుంది. రిపోర్టు రాస్తుండగానే దాన్ని పోలిన పాతవాటిని బగ్‌జిల్లా చూపించడం ఇక్కడ పెద్ద సాయం.

లోపాలూ ఉన్నాయి. ప్రాడక్ట్, కాంపొనెంట్, వెర్షన్ అంటూ ఆ ఫారం చూసి కొత్తవాళ్లు వెనక్కి పోతారు. ఏ బగ్ ముఖ్యమో చెప్తూ వాడేవాళ్లు వేసే ఓట్ల లెక్కను నేను అస్సలు నమ్మను. ఐకాన్ రంగుకు ఓట్లు కుప్పలుగా పడతాయి, ఫైలు పాడయ్యే తెలుగు సమస్యకు రెండు పడతాయి. ఇద్దరు ముగ్గురు నడిపే చిన్న ప్రాజెక్టుకైతే ఇంత సరంజామా అక్కర్లేదు.

మీరు తెలుగులో పనిచేస్తూ ఏదైనా తేడా చూస్తే తెలుగులోనే రాయండి. తప్పు వచ్చిన ఆ ఒక్క పదమున్న ఫైలు జతచేయండి, వెర్షన్ నంబరు వేయండి. మిగతా గడులు మేం నింపుకుంటాం.