పదేళ్లు వాడాక జోంగా: ఇనుము గట్టిదే, ఏడిపించేది రబ్బరు

పాత ఆర్మీ జీపు జోంగా కొందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఇంజిన్ గురించే. పదేళ్లకు పైగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నా, ఇంజిన్ గురించి టెన్షన్ అక్కర్లేదు. నా డబ్బూ ఓపికా తినేసింది రబ్బరు సామాను. ఆయిల్ సీళ్లు, బ్రేక్ కప్పులు, పంపు డయాఫ్రాలు, అద్దం చుట్టూ ఉండే బీడింగు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది నిస్సాన్ పాట్రోల్ 60 నమూనా. మన సైన్యం కోసం లైసెన్సు మీద జబల్‌పూర్‌లో తయారైంది. 1999 వరకు అక్కడి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఆరు సిలిండర్ల 3956 సీసీ పెట్రోల్ ఇంజిన్. బోరు, అంటే సిలిండరు వెడల్పు, 85.7 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 114.3. స్ట్రోకు అంత పొడుగు కాబట్టి తక్కువ స్పీడులోనే లాగుడు వచ్చేస్తుంది. శ్రీశైలం ఘాట్‌లో లారీల వెనక నత్తనడకన పోతున్నా ఇంజిన్ మూలగదు. మైలేజీ మాత్రం లీటరుకు నాలుగు దగ్గర. అంతకంటే ఎక్కువ చెప్పేవాళ్లను నేను నమ్మను.

నా బండికి దొరికిన పెద్ద అదృష్టం, ఆర్మీ వాడిన నిస్సాన్ వన్ టన్ లారీలోనూ ఇదే ఇంజిన్ ఉండటం. పైగా జోంగా కొన్నవాళ్లలో చాలామంది మైలేజీ కోసం డీజిల్ ఇంజిన్ ఎక్కించేశారు. వాళ్లు దించేసిన పెట్రోల్ ఇంజిన్లు తుక్కు కొట్లకు చేరాయి. ఒరిజినల్‌గా ఉంచుకోవాలనుకునే మాలాంటివాళ్లకు అవే నిధి. ఢిల్లీ మాయాపురి, హర్యానాలోని మండీ డబ్వాలీ వైపు వెతికితే హెడ్డు, క్రాంకు, మానిఫోల్డు దొరుకుతాయి. కానీ ఫొటో చూసి డబ్బు పంపొద్దు. ఒక వ్యాపారి నాకు హెడ్డు అమ్మాడు, వచ్చాక చూస్తే వాల్వు సీట్ల మధ్య పగులు. అప్పట్నుంచి వెర్నియర్ కాలిపర్ పెట్టి, కొలత కనబడేలా వీడియో తీసి పంపితేనే బేరం మాట్లాడుతున్నాను.

బేరింగుల పని సులువు. రింగు మీద నంబరు చెక్కి ఉంటుంది, దానికి ఏ కంపెనీ బేరింగైనా సరిపోతుంది. సీళ్లకూ ఇలాంటి దారే ఉందని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక కొట్టాయన నేర్పాడు. నేను జోంగా, జోంగా అంటుంటే, "బండి పేరొద్దన్నా, కొలత చెప్పు" అన్నాడు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం చెబితే పది నిమిషాల్లో చేతిలో పెట్టాడు. అది ఏ ట్రాక్టరు సీలో నాకు తెలియదు, ఇప్పటికీ కారలేదు. ముందు చక్రాలు తిరిగేచోట ఉండే గుండ్రటి నకుల్ సీలు మాత్రం అలా దొరకలేదు. పాట్రోల్ ఆస్ట్రేలియాలో బాగా అమ్ముడైన బండి, అక్కడ దీని సామాను ఇంకా కదులుతోంది. మెల్‌బోర్న్‌లో ఉన్న మా పిన్ని కొడుకు సెలవులకు వస్తూ నకుల్ సీళ్లు, వాటర్ పంపు కిట్టు సూట్‌కేసులో వేసుకొచ్చాడు. వాళ్లావిడ నన్ను ఇంకా క్షమించలేదు.

బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వీల్ సిలిండర్లు తుప్పు పట్టి గుంటలు పడితే కొత్తవి వెతకడం దండగ. లేత్ మీద బోరు చేయించి స్లీవు వేయిస్తే సరిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు లైనింగు కొట్టేవాళ్లే నా బ్రేకు షూలకూ కొట్టారు. కమాన్ పట్టీలు కూడా అక్కడే సాగదీయించాను. వానలో బ్రేకు వేస్తే బండి పక్కకు లాగడం మాత్రం పూర్తిగా పోలేదు. దూరం ఉంచి నడపడమే.

ఈమధ్య కొత్త తలనొప్పి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇది పాత రబ్బరును మెత్తబరిచి తినేస్తుంది. పెట్రోల్ పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు, ట్యాంకు నుంచి వచ్చే పైపులు అన్నీ మార్చాల్సి వచ్చింది. పైపులకు ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరు రకమే వేయండి. ధర ఎక్కువే, కానీ వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారడం కంటే నయం.

రంగు విషయంలో చాలామందికి తెలియనిదొకటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. ఆర్మీ బండిని అచ్చం ఆర్మీ బండిలా చేయకూడదన్నమాట! నేను బూడిద రంగు వేయించాను. మొదట చూడబుద్ధి కాలేదు, ఇప్పుడు అదే నచ్చుతోంది. 50 ఏళ్లు దాటిన కార్లకూ టూవీలర్లకూ 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టారు. 'వీఏ' నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. కానీ దాంతో రోజూ రోడ్డెక్కడానికి లేదు, ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే. నడుపుకోవాలనుకునేవాళ్లు మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడం మంచిది. లారీలకు ఈ వింటేజ్ వెసులుబాటు అసలే లేదు.

ధోనీ 2019లో రాంచీ వీధుల్లో జోంగా నడిపాక అమ్మేవాళ్లంతా "ధోనీ బండి" అంటూ రేటు చెబుతున్నారు. ఆ మాట విని కరిగిపోకుండా, కమాన్ బిగించే బ్రాకెట్ల దగ్గర ఛాసిస్ తుప్పు తినేసిందేమో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఇంజిన్ నంబరు, ఇంధనం ఆర్‌సీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూడండి. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) లీవరు 'లో రేంజ్' అనే తక్కువ స్పీడు గేరులో పడి, బండి కదిలాక కూడా ఎగిరి బయటికి రాకుండా ఉండాలి. వస్తే ధర సగానికి అడగండి, ఎందుకంటే ఆ గేర్లు కొత్తవి నాకు ఇంతవరకు ఎక్కడా దొరకలేదు.