ఇల్లు కట్టించేవాళ్లూ జాగ్రత్త: ‘ఖర్చు మీద శాతం’ అగ్రిమెంట్‌పై సంతకం పెట్టే ముందు ఇది చదవండి

కాంట్రాక్టర్‌తో బేరం మాట్లాడుతున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు దయచేసి ఒక్కసారి ఆగండి. రేటు సంగతి తర్వాత. ఖర్చు పెరిగితే ఎవరు భరించాలని కాగితం మీద ఉందో అది ముందు చూడండి.

మా కాంట్రాక్టర్ ఎస్టిమేట్ చేతిలో పెట్టి, “ఇది దాటదండీ, నాదీ పూచీ” అన్నాడు. అగ్రిమెంట్‌లో ఉన్నది వేరు: అసలు ఖర్చు, దాని మీద 12 శాతం. అలా రాసుకుంటే ఎస్టిమేట్ ఒట్టి అంచనా మాత్రమే, ఖర్చుకు పైహద్దు అంటూ ఏమీ ఉండదు.

మెట్ల పక్క గోడ నిటారుగా రాలేదు. ఇంజనీర్ చూసి పడగొట్టించారు. తర్వాత వచ్చిన బిల్లులో గోడ కూల్చిన కూలి, చెత్త ఎత్తిపోసిన కూలి, మళ్లీ తెచ్చిన ఇటుక, సిమెంట్, మేస్త్రీ కూలి అన్నీ వరుసగా రాశాడు. కింద వాటన్నిటి మీద 12 శాతం! తప్పు వాళ్లు చేస్తే డబ్బు మేం కట్టాలట, ఆ తప్పు మీద లాభం వాళ్లకట. ఇనుము షాపువాళ్లు తగ్గించిన సొమ్ము కూడా మా లెక్కలోకి రానే లేదు.

ఈ పద్ధతిలోనే లోపం ఉంది. ఖర్చు 100 అయితే అతనికి 12 వస్తుంది, 150 అయితే 18 వస్తుంది. పొదుపు చేస్తే నష్టం అతనికే. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఖర్చు మీద శాతం ఇవ్వడాన్ని చట్టమే నిషేధించింది. ఖర్చుతో పాటు ఫీజు ఇవ్వక తప్పదనుకుంటే దాన్ని ఒక స్థిరమైన మొత్తంగా రాయించండి. పైన గరిష్ఠ పరిమితి పెట్టండి, అది దాటితే అదనపు ఖర్చు కాంట్రాక్టర్‌దే అవుతుంది.

గంపగుత్తకు, అంటే మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకుని ఇస్తే, ధరలు పెరిగినా, సరుకు ఎక్కువ పట్టినా సాధారణంగా కాంట్రాక్టరే భరించాలి. కానీ మధ్యలో మీరు ప్లాన్ మారిస్తే అది అదనపు పని కిందకు వస్తుంది. ఇంకో చిక్కు పునాదితో. తవ్వితే రాయి తగిలినా, నీరు ఊరినా ఆ ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాసి ఉండాలి. డ్రాయింగులు పూర్తికాకుండా గుత్తకు ఇస్తే రోజూ గొడవే, నా మాట నమ్మండి.

ఐటమ్ రేటు అంటే ఒక్కో రకం పనికి ఒక రేటు అనుకుని, కొలిచి చూసి అయినంత పనికి డబ్బు కట్టడం. ఇందులో రేటు భారం కాంట్రాక్టర్‌ది, పరిమాణం భారం మీది. కొలతలు తీసేటప్పుడు మీ తరఫు మనిషి పక్కనే ఉండాలి. లేబర్ కాంట్రాక్టులో సామాను మీదే కాబట్టి, నిర్లక్ష్యం వల్ల పాడైన సామానుకు ఎవరు బాధ్యులో రాయించుకోండి.

ఖర్చు ప్రకారం కట్టే అగ్రిమెంట్ అయితే ఈ మాటలు తప్పకుండా ఉండాలి: తన పనిలో తప్పు సరిదిద్దే ఖర్చు కాంట్రాక్టర్‌దే, తన ఆఫీసు ఖర్చులు, తన వల్ల పడ్డ జరిమానాలు బిల్లులో వేయకూడదు, షాపు ఇచ్చిన తగ్గింపు యజమానికే చెందాలి, ఒరిజినల్ బిల్లులు చూపిస్తేనే చెల్లింపు.

మేం గోడ డబ్బు ఆపాం. లెక్క ఇంకా తేలలేదు, టెన్షన్ అయితే తప్పడం లేదు. ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు కూడా, ఇద్దరూ ఒప్పుకుంటే, పరిమితి పెడుతూ అనుబంధ ఒప్పందం రాసుకోవచ్చు. పని చాలా మిగిలి ఉన్నప్పుడే అడగండి, కాంట్రాక్టర్ వినేది అప్పుడే.