ఆటోనగర్ తుక్కు యార్డుకు భద్రతా ప్రణాళిక: ఒక సేవపై సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో పాత వాహనాలను విడదీసే మా యార్డుకు భద్రతా ప్రణాళిక రూపొందించే పనిని స్థానిక సలహా సంస్థ ఒకదానికి అప్పగించాము. వారు కాగితాలతో కాక, గ్యాస్ కటింగ్ చేసే కార్మికుల పక్కన నిలబడి పనిని గమనించడంతో మొదలుపెట్టడం నాకు ఎంతో నచ్చింది. బండి రాగానే బ్యాటరీ తీగలు విప్పాలని, పెట్రోలు, ఇంజన్ ఆయిల్ వేర్వేరు డబ్బాల్లోకి దింపాలని, సీఎన్‌జీ సిలిండరును తీసేదాకా మంటను దగ్గరకు రానీయకూడదని క్రమం నిర్ణయించారు. ఖాళీ చేసిన ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటుందని, ఒక్క నిప్పురవ్వకే అది పేలిపోగలదని మా కుర్రాళ్లకు ఓపికగా వివరించారు. పాత బ్రేకు లైనింగుల్లో, పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక, బ్రేకు డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదే అలవాటును మాన్పించి, తడిగుడ్డతో తుడిపించారు. ఈ ఒక్క మార్పుకే వారి రుసుము సార్థకమైందని నా అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. మా దగ్గర హిందీ మాత్రమే తెలిసిన వలస కార్మికులు ఉన్నా, హెచ్చరిక పలకలన్నీ తెలుగులోనే ఇచ్చారు. మే నెల ఎండలో మందపాటి తోలు చేతితొడుగులతో మధ్యాహ్నం పనిచేయడం ఎంత కష్టమో ఆలోచించలేదు. అడిగాక కటింగ్ పనిని ఉదయానికి మార్చారు. హిందీ పలకలు ఇంకా రావాలి.